తుపాకి ఇచ్చింది ఎవరు?

హైదరాబాద్ మలక్‌పేటలో 2025 జూలై 15న పట్టపగలు, పార్కు దగ్గర, వాకింగ్‌కు వచ్చిన జనం కళ్లముందే సీపీఐ నాయకుడిని కాల్చి చంపి కారెక్కి పోయారు. ముందు కళ్లలో కారం కొట్టారు, తర్వాత తూటాలు దించారు. అంతకు ముందు రాత్రే మెదక్ జిల్లా కొల్చారం మండలంలో కాంగ్రెస్ యువనాయకుడు ఒకరు తూటాలకు బలయ్యారు. అది హైదరాబాద్ గొడవ, మనకెందుకని వరంగల్ అనుకోవడానికి లేదు. గజం ధర పెరిగిన ప్రతిచోటా భూ తగాదాల సెటిల్‌మెంట్ బ్యాచులు తయారవుతున్నాయి. హన్మకొండ, కాజీపేట శివార్లలో ప్లాటు కొన్నవాళ్లకు ఆ టెన్షన్ తెలుసు.

ఇలాంటిది జరిగిన ప్రతిసారీ వినబడే మాట ఈసారీ వినబడుతోంది. ‘కోర్టులూ కేసులూ ఎందుకు, లేపేస్తే పోతుంది’ అని. కేసులు ఏళ్లకేళ్లు సాగుతాయి, సాక్షులు అడ్డం తిరుగుతారు అనేవాళ్ల బాధ మాకూ తెలుసు. అయినా మా మాట ఒక్కటే: కాల్చినవాడు ప్రాణాలతో కోర్టు బోనెక్కాలి. వాడి మీద జాలితో అనడం లేదు. వాడు చస్తే, వాడికి తుపాకి ఇచ్చినవాడు బతికిపోతాడు.

గ్యాంగ్‌స్టర్ నయీం సంగతి ఈ జిల్లాలకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో ఎన్‌కౌంటర్ అయ్యాడు. సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేశారు. డైరీలన్నారు, కట్టలకొద్దీ భూముల కాగితాలన్నారు. ఏ అధికారి అండ ఇచ్చాడో, ఏ నాయకుడు వాటా తీసుకున్నాడో చెప్పాల్సిన నోరు అప్పటికే మూతపడింది. భూములు పోయినవాళ్లు దరఖాస్తులు పట్టుకుని తిరిగారు. గుసగుసల్లో తిరిగిన పెద్ద పేర్లలో ఒక్కటీ శిక్షదాకా రాలేదు.

మరి ఆదిలాబాద్‌లో ఏమైంది? 2020 డిసెంబరులో ఒక పార్టీ జిల్లా అధ్యక్షుడు లైసెన్సు తుపాకితో నడివీధిలో కాల్పులు జరిపాడు, ఒక ప్రాణం పోయింది. పోలీసులు అతన్ని పట్టుకున్నారు, సాక్ష్యం పెట్టారు. 2022 జనవరిలో, అంటే 13 నెలలకే, యావజ్జీవ శిక్ష పడింది. చేతకాదన్న పని అదే ఉత్తర తెలంగాణలో, పలుకుబడి ఉన్న మనిషి మీదే, జరిగింది.

2008లో యాసిడ్ దాడి కేసు నిందితులు ముగ్గురు పోలీసు తూటాలకు చనిపోయినప్పుడు ఓరుగల్లు పూలు చల్లింది. 2019లో దిశ కేసు నిందితులు నలుగురు చనిపోయిన చటాన్‌పల్లిలో మళ్లీ అదే. ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని, పోలీసులు కావాలనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చేసరికి పూలు వాడిపోయి చాలాకాలమైంది. ఒకసారి చప్పట్లు కొడితే రెండోసారి అడిగే హక్కు పోతుంది. రేపు చంపించినవాడే తన మనిషిని పోలీసు తూటాతో వదిలించుకుంటే అడ్డుపడేదెవరు?

పోలీసు బాసులకు సూటిగా చెబుతున్నాం. దొరికినవాళ్లను సీన్ రీకన్‌స్ట్రక్షన్ పేరుతో తెల్లవారుజామున ఎక్కడికీ తీసుకుపోకండి. తపంచా (నాటు తుపాకి) ఎక్కడ కొన్నారు, డబ్బు ఎవరిచ్చారు, ఏ సర్వే నంబరు కోసం చంపారు, ఇవన్నీ చార్జిషీటులోకి రావాలి. ఇక పంచాయితీల్లో కూర్చుని కమీషన్లు తిన్న పెద్దలే ముందువరసలో నిలబడి ‘ఎన్‌కౌంటర్ చెయ్యండి’ అని అరుస్తున్నారు. అయ్యా, మీకు కావాల్సింది చనిపోయినవాడికి న్యాయమా, మీ పేరు బయటికి రాకపోవడమా?