ఓద్రీ ‘జిజి’కి పెద్దపీట వేయాలి

‘జిజి’ అనగానే సినీప్రియుల్లో ఎక్కువమందికి గుర్తొచ్చేది 1958లో విన్సెంట్ మినెల్లీ తీసిన రంగుల సంగీత చిత్రం. అంతకు తొమ్మిదేళ్ల ముందే, 1949లో, జాక్లిన్ ఓద్రీ అనే ఫ్రెంచి దర్శకురాలు ఫ్రెంచి రచయిత్రి కొలెట్ రాసిన అదే పేరు గల నవలికను తెరకెక్కించారు. కథ ప్రాణం దొరికింది ఆ నలుపు తెలుపు చిత్రానికేనని నా గట్టి నమ్మకం.

కథ తెలిసిందే. 19వ శతాబ్దం చివరినాటి పారిస్‌లో, ధనికులకు ఉంపుడుగత్తెలుగా బతికిన స్త్రీల ఇంట పెరుగుతున్న పదిహేనేళ్ల జిజిని అమ్మమ్మ, ఆవిడ సోదరి అలీసియా కలిసి అదే బతుకుకు తయారుచేస్తుంటారు. చక్కెర మిల్లుల వారసుడు గాస్తోన్ ఆ ఇంటికి చనువుగా వచ్చిపోతుంటాడు.

ఈ కథలో హాస్యమంతా ఆ శిక్షణలోనే ఉంది. నవలికలో అలీసియా నగలపెట్టె తెరిచి ఏ రాయి ఏదో చెప్పమంటుంది. పసుపు వజ్రాన్ని చూసి జిజి పుష్యరాగం అనగానే, తన నగల్లో పుష్యరాగమా అని ఆ పెద్దావిడ ప్రాణం విలవిల్లాడిపోతుంది. నవ్వొస్తుంది; ఆ వెంటనే, వెల కట్టడం నేర్చుకుంటున్న ఆ పిల్లకే రేపు వెల కడతారన్న సంగతి గుండెలో గుచ్చుకుంటుంది. యూదుడైన భర్త 1941 డిసెంబరులో అరెస్టయి విడుదలైన తరువాత, నాజీల ఆక్రమణలోని పారిస్‌లో కొలెట్ రాసిన కథ ఇది. ఉంపుడుగత్తెగా ఉండమంటూ గాస్తోన్ తరఫున వచ్చిన ఒప్పందాన్ని జిజి కాదన్నప్పుడు ఆ మాటకు అంత బరువు రావడం నాకు కాకతాళీయంగా తోచదు. ఓద్రీ కెమెరా ఆ ఇంటి ఆడవాళ్ల మధ్యే కూర్చుని, వాళ్ల లెక్కలనూ భయాలనూ వాళ్ల వైపు నుంచే చూస్తుంది.

మినెల్లీ చిత్రానికి తొమ్మిది ఆస్కార్లు వచ్చాయి, దాని సంగీతమూ సొగసూ కాదనలేనివి. అయితే ఎదిగే ఆడపిల్లలను మెచ్చుకుంటూ ఓ వయసుమళ్లిన రసికుడు పాడే పాటతో ఆ చిత్రం మొదలవుతుంది, దాంతో చూపు అక్కడే మగవాడి చేతికి వెళ్లిపోతుంది.

అసలు అన్యాయం ఆ తరువాత జరిగింది. 1954లో, అప్పటికి విమర్శకుడిగా ఉన్న ఫ్రాన్స్వా త్రూఫో, సాహిత్య రచనలను తెరకెక్కించే ఫ్రెంచి సినీ సంప్రదాయంపై విరుచుకుపడ్డాడు. తరువాత ఫ్రెంచి సినిమాలో ‘నవతరంగం’ అనే కొత్త దర్శకుల ఉద్యమం వచ్చిన ఊపులో ఆ తరం చిత్రాలన్నీ పాతచింతకాయ పచ్చడి కింద జమ అయ్యాయి. పురుష దర్శకులలో కొందరినైనా విమర్శకులు తరువాత వెనక్కి పిలిచి కూర్చోబెట్టారు. ‘జిజి’, ‘మిన్’, ‘మిత్సు’ అంటూ కొలెట్ కథలనే మూడుసార్లు, మూడుసార్లూ నటి దనియెల్ దెలోర్మ్‌తోనే తీసి, స్త్రీ బతుకుపై ఒక వరుస చిత్రమాలికను నిర్మించిన ఓద్రీకి మాత్రం ఆ పిలుపు దశాబ్దాలపాటు అందలేదు.