పదివేల అడుగులు, ఒక యోగా చాప

మా ఆఫీసులో ఈసారి వెల్‌నెస్ చాంపియన్ నేనే. నెల రోజుల్లో 3,18,000 అడుగులు. బహుమతిగా ఒక యోగా చాప, ఒక సర్టిఫికెట్, పంచదార లేని బిస్కెట్ల డబ్బా ఇచ్చారు. కాబట్టి ఉద్యోగుల ఆరోగ్యం గురించి నాలుగు మాటలు మాట్లాడే అర్హత నాకుందని మనవి.

ముందు శత్రువెవరో తెలుసుకోవాలి. షుగరూ బీపీ అనుకునేరు. కాదు, రెన్యూవల్. నిరుడు ఉద్యోగులు ఎంత క్లెయిమ్ చేశారో లెక్క తీసి, దాన్నిబట్టి ఈ ఏడాది గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం పెంచుతుంది బీమా కంపెనీ. అంటే మీ అమ్మగారి మోకాలు అరిగితే అది మీ ఇంటి విషయం కాదు, ఫైనాన్స్ వాళ్ల విషయం. ఈ సంగతి తెలియక నిరుడు మా అమ్మకి మోకాలి ఆపరేషన్ చేయించాను. అజ్ఞానం.

ఆ అజ్ఞానానికి తగిన శాస్తే జరిగిందనుకోండి. పాలసీ ప్రకారం రూము అద్దె రోజుకి 5,000 దాకానే. ఆ ధరలో రూములు ఖాళీ లేవన్నారు, 8,000 రూములో చేర్చాం. తేడా రోజుకి మూడు వేలు, నాలుగు రోజులకి పన్నెండు వేలు, పోతే పోయాయి అనుకున్నాను. డిశ్చార్జి రోజున ఇన్సూరెన్స్ డెస్కులో కుర్రాడు ఎంతో మర్యాదగా, కుర్చీ కూడా వేసి, వివరించాడు. రూము అద్దెలో ఎనిమిదింట ఐదు వంతులే చెల్లుతుంది కాబట్టి సర్జన్ ఫీజులోనూ ఎనిమిదింట ఐదు వంతులే చెల్లుతుందట. ఆపరేషన్ థియేటర్ చార్జీలూ అంతేనట. ఆ చెల్లినదాంట్లో మళ్లీ తల్లిదండ్రులకి 20 శాతం కోపే, అంటే మనమే కట్టుకోవాల్సిన వాటా. ఇక గ్లౌజులూ దూదీ సొంత ఖర్చు. క్యాష్‌లెస్ అంటే ఏమిటో ఆ సాయంత్రం తెలిసింది. ఇంటికెళ్లేటప్పుడు ఆటోకి మా బావమరిది ఇచ్చాడు.

ఆ పశ్చాత్తాపంతో ఉండగానే హెచ్ఆర్ నుంచి మెయిల్ వచ్చింది, 'మీ ఆరోగ్యమే మా ఆస్తి' అని. ఆ మెయిల్ కిందే చిన్న అక్షరాల్లో, ఈ ఏడాది నుంచి తల్లిదండ్రుల ప్రీమియం మొత్తం జీతంలోంచే కట్ అవుతుందని ఉంది. పెద్ద అక్షరాల్లో జుంబా అనే డాన్సు వ్యాయామం, చేతికి అడుగులు లెక్కపెట్టే బ్యాండు, రోజుకి పదివేల అడుగులు. ఈ పదివేల లెక్క ఏ ఋషి చెప్పిందో కాదు, 1965లో జపాన్‌లో అడుగులు కొలిచే యంత్రం అమ్మినవాళ్లు దానికి పెట్టిన పేరు. అయినా మంచి మాట ఎవరు చెబితేనేం.

శుక్రవారం నాలుగింటికి మైండ్‌ఫుల్‌నెస్ క్లాసు, హాజరు తప్పనిసరి. గురువుగారు కళ్లు మూసుకుని టెన్షన్ అంతా ఊపిరితో బయటికి వదిలేయమన్నారు. సగం వదిలేసరికి పక్క సీటాయన ఫోన్ మోగింది, ప్రొడక్షన్ డౌన్, అంటే కస్టమర్లు వాడే సిస్టమ్ ఆగిపోయింది. మిగతా సగం తొమ్మిదింటి అమెరికా కాల్ దాకా లోపలే ఉండిపోయింది.

మన ఆరోగ్యాలు బాగోలేవన్నది మాత్రం నిజమే. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షిస్తే 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు పేరుకుందని 2025లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. మా టీము ఏ టార్గెట్టూ ఇంత బాగా కొట్టిన దాఖలా లేదు. గంటలకొద్దీ కూర్చోవడం, నిద్ర సరిగ్గా లేకపోవడం కారణాలని డాక్టర్లంటారు. అలాగని పని గంటలు తగ్గించమంటే ఎలా? వారానికి 70 గంటలు చాలని ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు, కాదు 90 అని ఎల్ అండ్ టీ సుబ్రహ్మణ్యన్ గారు చెప్పిన దేశం ఇది. గంటల జోలికి పోకుండా లివర్ బాగుచేయాలి. అందుకే జుంబా.

అమెరికాలో దీన్ని చాలా లోతుగా చూశారు. అక్కడ ఉద్యోగుల వైద్యం ఖర్చు కంపెనీల నెత్తిమీదే ఉంటుంది కాబట్టి శ్రద్ధ ఎక్కువ. ఇలాంటి కార్యక్రమాలమీద ఒక డాలరు పెడితే వైద్యం ఖర్చులో మూడు డాలర్ల పైచిలుకు మిగులుతుందని 2010లో కేథరిన్ బేకర్ అనే ఆర్థికవేత్త బృందం లెక్క తేల్చింది. కంపెనీలు పండగ చేసుకున్నాయి. అదే బేకర్ మరొకరితో కలిసి, బీజేస్ అనే గొలుసు దుకాణాల్లో దాదాపు 33,000 మంది ఉద్యోగులమీద పద్ధతిగా పరీక్ష పెట్టి 2019లో ఫలితం చెప్పారు. కార్యక్రమం ఉన్నచోట వ్యాయామం చేస్తున్నామని చెప్పినవాళ్లు పెరిగారు. ఏడాదిన్నర తర్వాత చూసినా బీపీలో, బరువులో, ఖర్చులో, సెలవుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. చేస్తున్నామని చెప్పడం పెరిగిందిగా, మా మేనేజరైతే దాన్ని ప్రోగ్రెస్ అనే రాస్తాడు.

ఇల్లినాయిస్ యూనివర్సిటీలో ఇంకో పరీక్ష చేశారు. పేర్లిచ్చి చేరినవాళ్లు చాలావరకు ముందునుంచీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లే, వైద్యానికి తక్కువ ఖర్చయ్యేవాళ్లేనట. కార్యక్రమం పనిచేయలేదని పెదవి విరిచినవాళ్లకి వ్యాపారం తెలియదు. వడ్లలో తాలు ఎగరేయడానికి చేట పడతాం గానీ తాలుని బియ్యం చేయడానికి కాదు కదా! ఎవడు ఉత్సాహంగా గెంతుతున్నాడో, ఎవడు మోకాలు పట్టుకుని వెనక కూర్చున్నాడో జుంబా క్లాసులో హెచ్ఆర్‌కి ఇట్టే తెలిసిపోతుంది.

నా అడుగుల రహస్యం చెప్పమని చాలామంది అడుగుతున్నారు. రహస్యమేమీ లేదు, యాదమ్మ. మా బిల్డింగులో నాలుగు ఫ్లోర్లు తుడుస్తుంది. పొద్దున ఏడింటికి బ్యాండు ఆమె చేతికి కడతాను, మధ్యాహ్నానికే పదివేలు దాటేది. ఆమె కాంట్రాక్టు మనిషి కాబట్టి మా వెల్‌నెస్ కార్యక్రమంలో లేదు. జీతం 21,000 లోపే కాబట్టి ఈఎస్ఐ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంది, అందుకు ఆమె జీతంలో నూటికి ముప్పావలా కట్ అవుతుంది. కృతజ్ఞత లేనివాణ్ణి కాను, బిస్కెట్ల డబ్బా ఆమెకే ఇచ్చాను.

నిన్న డబ్బా తిరిగి తెచ్చింది. "చప్పగున్నయ్ సార్, పోరగాళ్లు తింటలేరు," అంది. బ్యాండు కూడా విప్పి టేబుల్ మీద పెట్టింది. "మోకాళ్లు గుంజుతున్నయ్. రేపు సనత్‌నగర్ ఈఎస్ఐ దవాఖానకు పోవాలె. రేపొక్క రోజు మీరే కట్టుకోండ్రి సార్."

సరేనన్నాను. వచ్చే నెల పోటీ మెట్లెక్కడమని ఇంకా ఆమెకి చెప్పలేదు.