అసలుకన్నా అసలైన నకలు

బ్రిటన్‌లో ఇంటి వెనక షెడ్డులో లోటస్ సెవెన్ అనే పాత స్పోర్ట్స్ కారుకు నకలు తయారుచేసుకునే పెద్దమనుషులను చూసి లోకం నవ్వుతోంది. ఇది అన్యాయం. వాళ్లు పూనుకున్నది చరిత్ర పరిరక్షణకు. గోల్కొండకు నకలు కట్టేవాడిని అనుమానించవచ్చు గానీ సెవెన్‌కు నకలు కట్టేవాడిని ఏమని తప్పుపడతాం? దాని అసలు కూడా చాలావరకు షెడ్డుల్లోనే పుట్టింది.

1957లో లోటస్ కంపెనీ స్థాపకుడు కాలిన్ చాప్మన్ ఆ కారును తెచ్చేనాటికి అక్కడ కొత్త కార్ల మీద కొనుగోలు పన్ను ఉండేది. విడిభాగాలుగా కొంటే ఉండేది కాదు. చాప్మన్ విడిభాగాలే అమ్మాడు. వాటిని బిగించే పద్ధతి రాసివ్వడానికి పన్ను నిబంధన ఒప్పుకోలేదు. విప్పే పద్ధతి గురించి మాత్రం నిబంధన ఏమీ అనలేదు. అందుకని కారును ఏ వరుసలో విప్పాలో చెప్పే కాగితాలు జతచేశారట. కొన్నవాడు వాటిని చివరి నుంచి మొదటికి చదువుకున్నాడు. ఘనపాఠులు ముందుకూ వెనక్కూ వల్లిస్తారని మనం గర్వపడతాం. బ్యాంకు గుమాస్తాల చేత కూడా వెనకపాఠం చెప్పించిన ఘనత మాత్రం బ్రిటిష్ ఆర్థిక శాఖదే.

1973లో వ్యాట్ వచ్చి ఆ వెసులుబాటు పోయింది. అదే ఏడాది లోటస్ ఆ కారు హక్కులను కేటర్‌హామ్ అనే కంపెనీకి అప్పజెప్పి చేతులు దులుపుకుంది. పన్ను మినహాయింపు పోయాక కారులో మిగిలింది ఉక్కు గొట్టాల చట్రం, చుట్టూ అల్యూమినియం రేకు, రెండు సీట్లు. పైకప్పు సంగతి ఎత్తకపోవడమే మర్యాద. వాన ఎప్పుడు పడుతుందో తెలియని దేశంలో ఇలాంటి బండిని ప్రేమించడానికి దృఢమైన విశ్వాసం కావాలి.

1996లో రాన్ చాంపియన్ ఈ తరహా కారును ఎవరైనా ఇంట్లో కట్టుకోవచ్చని కొలతలతో సహా పుస్తకం రాశాడు. 250 పౌండ్లకే సాధ్యమని అట్ట మీదే ఉంది. ఆ లెక్కను శంకించేవారికి పద్దులు రాయడం రాదు. వెల్డింగ్ యంత్రం కారులో భాగం కాదు కాబట్టి దాని ఖర్చు కారుకు రాయకూడదు. కోత యంత్రానికీ అదే న్యాయం. చట్రం పట్టక షెడ్డును పెంచితే అది ఇంటి మరమ్మతు. భార్యకు చూపవలసిన పద్దు ఇదే.

ఇంజను, గేర్ బాక్సు, వెనక ఇరుసు కోసం పాత ఫోర్డ్ ఎస్కార్ట్‌ను తుక్కు ధరకు తెచ్చి విప్పాలన్నది పథకం. ఇప్పుడు ఆ ఎస్కార్టే పురావస్తువైపోయి వేల పౌండ్లు పలుకుతోంది. అంటే నిజమైన పాత కారును కోసి, పాత కారులా కనిపించే కొత్త కారును చేయాలి. పరిరక్షణ అంటే ఏమిటో ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ చూపలేరు.

బండి సిద్ధమయ్యాక ప్రభుత్వ పరీక్ష ఉంటుంది. బయటికి పొడుచుకొచ్చి తగిలే అంచులకు కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధపు గుండ్రదనం ఉండాలి. దాంతో బోల్టు తలలన్నిటికీ ప్లాస్టిక్ టోపీలు, రేకు అంచులకు రబ్బరు పట్టీలు వస్తాయి. పరీక్ష పాసై ఇల్లు చేరాక వాటిలో ఎన్ని మిగులుతాయో ఆరా తీయడం సభ్యత కాదు. విప్పే వరుస వీళ్లకు వంశపారంపర్యంగా తెలుసు.

మన దగ్గర ఈ సందిగ్ధాలేవీ లేవు. కొన్న బండినే తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. షెడ్డులో పుట్టిన కారును రవాణా కార్యాలయానికి తీసుకెళ్లి, ‘తయారీదారు నేనే’ అని చెప్పే ధైర్యశాలి ఎవరైనా ఉంటే ఆయన వెంట గుమ్మం దాకా వస్తాను.

బ్రిటన్‌లో అయితే వయసు, పుట్టుక తేలని బండికి ‘క్యూ’ అక్షరంతో మొదలయ్యే నంబరు ఇస్తారు. కట్టుకున్నవాళ్లు దాన్ని అవమానంగా భావిస్తారు. నా విన్నపం వేరు. 1957 నాటి అసలు సెవెన్లకు కూడా క్యూ నంబరే ఇవ్వాలి. ఏ గుమాస్తా ఏ ఆదివారం ఏ బోల్టు బిగించాడో, ఏది మరిచిపోయాడో వాటికి మాత్రం ఎవరు పూచీ పడతారు? వేలంలో ధర పడిపోతుందని యజమానులు అభ్యంతరం చెప్పవచ్చు. అలాంటివారికి చౌకగా 250 పౌండ్ల మార్గం తెరిచే ఉంది.