దోమకు లివర్ లేదు గానీ

మన నల్లగొండలో మందు మూడు రకాల షాపుల్లో దొరుకుతుంది. ఒకటి జ్వరానికి, ఒకటి సాయంత్రానికి, ఒకటి పత్తి చేనుకు. మూడోది తాగేది పురుగు. తాగింది అరిగించుకోవడంలో దాన్ని మించినవాడు మా మండలంలో లేడు, చాలామందిని చూసే చెప్తున్నా.

పోయిన వానాకాలం మా చెలకలో పత్తికి తెల్లదోమ పట్టింది. "ఇమిడా కొట్టన్నా, రెండ్రోజుల్ల సాఫ్ అయితది" అన్నాడు షాపాయన, ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు చేతిలో పెట్టి. మూడో రోజు ఆకు తిప్పి చూస్తే పిల్లాపాపలతో కాపురం చేస్తున్నాయి. నకిలీ మందు అంటగట్టాడని ఆయన్ను తిట్టుకున్నా గానీ, దోమ సంగతి చదివాక కోపం సగం తగ్గింది.

పురుగు ఒంటికి మైనం పూత ఉంటుంది, ఉత్త నీళ్లు జారిపోతాయి. చాలా మందులు కొవ్వులో కరిగే రకం కాబట్టి ఆ మైనంలోంచే లోపలికి దిగుతాయి, మందు పడ్డ ఆకు మీద నడిచినా చాలు. ఊపిరి పీల్చే రంధ్రాలు ఇంకో దారి. లద్దె పురుగు ఆకుతో పాటు నమిలి మింగుతుంది. తెల్లదోమ నమలదు, సూదిమూతి గుచ్చి రసం పీలుస్తుంది, అందుకే ఇమిడా లాంటివి మొక్క రసంలోకే ఎక్కుతాయి. గ్లాసులో పోసి అందించినట్టే.

అసలు విద్య ఆ తర్వాత. దానికి లివర్ లేదు. కానీ పేగులో, కొవ్వు కణజాలంలో పీ450 అనే ఎంజైములుంటాయి (మనం మింగే మాత్రల్ని మన లివర్‌లో విరగ్గొట్టేదీ ఈ కుటుంబమే), అవి మందుకు ఆక్సిజన్ తగిలించి రూపమే మార్చేస్తాయి. ఎస్టరేజులు కొన్ని మందుల్ని ముక్కలు చేస్తాయి, ఇంకో రకం ఎంజైములు నీళ్లలో కరిగే తోక అతికిస్తాయి, ఇక బయటికి పోవడమే. ఇమిడాకు లొంగని తెల్లదోమల్లో సీవైపీ6సీఎం1 అనే పీ450 లెక్కకు మించి తయారవుతుంది. పేరు ఏపీ 24 బండి నంబరులా ఉంది గానీ, బండి మాత్రం ఎక్కడా ఆగదు.

వీటిని పెంచిందెవరు? అదే మందు మళ్లీ మళ్లీ కొడితే మెత్తనివి చస్తాయి, మిగిలిన గట్టివి గట్టివాటినే చేసుకుంటాయి. చేతి డబ్బు పెట్టుకుని మరీ తెల్లదోమలకు పెళ్లిళ్ల పేరయ్యలమయ్యాం.

పీ450 ప్రతిసారీ గెలవదు లెండి. మలాథియాన్ అనే పురుగుమందును మలాక్సాన్‌గా మార్చి ఇంకా పెద్ద విషం చేసి పెడుతుంది, పురుగు తన వంటతో తానే చస్తుంది. మనుషుల్లో ఎస్టరేజులు మలాథియాన్‌ను చకచకా కోసేస్తాయి కాబట్టి మనకు కొంత నయం. ఈ ముక్క మా బామ్మర్దికి చెప్పడం నా తప్పు. వాడు "మనకు నయం" దగ్గరే వినడం ఆపేశాడు. మొన్న ఉక్కపోతకు చొక్కా విప్పేసి, మిగిలిన పాత మోనో (మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు) డబ్బాతో పాటు ఇంకో రెండు మందులు బకెట్లో పోసి, చెయ్యి పెట్టి కలుపుతున్నాడు. మోనో ఎవరూ వండక్కర్లేని విషం, చర్మంలోంచి కూడా దిగుతుంది, కట్టె తీసుకోరా అన్నాను.

"ఏం కాదు బావా, నాకు అలవాటే" అన్నాడు.

అలవాటైంది ఆకు కిందున్నదానికి.