రక్తానికి చంపే శక్తి ఉంది, మరి క్యాన్సర్‌ను ఎందుకు వదిలేస్తోంది?

‘ఓ’ గ్రూపు మనిషికి పొరపాటున ‘ఏ’ గ్రూపు రక్తం ఎక్కిస్తే నిమిషాల్లో ప్రాణం మీదికి రావచ్చు. ఆ మనిషికి అంతకుముందు ఎప్పుడూ రక్తం ఎక్కించి ఉండనక్కర్లేదు. పసితనంలోనే, ముఖ్యంగా పేగుల్లోని బ్యాక్టీరియా వల్ల తయారైన సహజ యాంటీబాడీలు కొత్త ఎర్రకణాలకు అతుక్కుంటాయి. వెంటనే కాంప్లిమెంట్ అనే ప్రొటీన్ల దండు వచ్చి కణం పొరకు చిల్లులు పొడుస్తుంది.

ఇంత ఆయుధం ఒంట్లోనే పెట్టుకుని క్యాన్సర్‌కు లొంగిపోతున్నామేమిటి? నన్ను చాలాకాలం వేధించిన ప్రశ్న ఇది.

మన కణాలను కాంప్లిమెంట్ చంపకుండా వాటిమీద సీడీ55, సీడీ59 అనే కాపలా ప్రొటీన్లు ఉంటాయి. ఎర్రకణాలకూ ఆ కాపలా ఉంది. కానీ ఒక్కో కణం మీద ‘ఏ’ గుర్తులు లక్షల్లో ఉండటంతో దాడి దాన్ని మించిపోతుంది. క్యాన్సర్ కణం మన కణం నుంచే పుట్టింది. అంత కొట్టొచ్చినట్టు కనిపించే పరాయి గుర్తు సాధారణంగా దానిమీద ఉండదు. కాపలా మాత్రం ఉంటుంది, చాలా క్యాన్సర్లలో మామూలు కంటే ఎక్కువగానే. 1997లో అమెరికాలో అనుమతి పొందిన రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందు, బి కణాలనే తెల్లరక్తకణాల్లో పుట్టే లింఫోమా అనే క్యాన్సర్‌లో సీడీ20 అనే గుర్తును పట్టుకుని కాంప్లిమెంట్‌నూ, కిల్లర్ కణాలనూ పిలుస్తుంది. అంటే లోటు బలంలో కాదు, గురిలో.

బలం ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది కూడా. కాంప్లిమెంట్ పనిచేసేటప్పుడు పుట్టే సీ5ఏ అనే ముక్క, క్యాన్సర్ కణాలను చంపగల టీ కణాలను అణిచే కణాలను కణితిలోకి రప్పించి దాని పెరుగుదలకు సాయపడుతుందని 2008లో ఎలుకల మీద చేసిన పరిశోధన చూపించింది. అందుకే ‘ఇమ్యూనిటీ పెంచే’ పొడులను క్యాన్సర్ రోగుల ఇళ్లకు అమ్మేవాళ్లంటే నాకు కోపం. ఏ భాగం పెంచుతారు? టీ కణాలనా, వాటిని అణిచేవాటినా? టెన్షన్‌లో ఉన్న కుటుంబం ఆ ప్రశ్న అడగదు, డబ్బు కట్టేస్తుంది.

శాస్త్రవేత్తలకు కూడా ఇది తేలిగ్గా అంతుపట్టలేదు. 1953లో న్యూయార్క్‌లో జాన్ కిడ్ మామూలు గినీపిగ్ సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) ఎక్కిస్తే ఎలుకల్లో లింఫోమా కణితులు కరిగిపోయాయి. గినీపిగ్ సీరంలో కాంప్లిమెంట్ దండిగా ఉంటుంది, కాబట్టి ఆ ఘనత దానిదే అనిపించడం సహజం. అసలు కారణాన్ని 1961లో జాన్ బ్రూమ్ చూపించారు. అది ఆస్పరాజినేజ్ అనే ఎంజైమ్. ఆ కణాలకు అవసరమైన ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొట్టి వాటిని ఆకలితో మాడ్చేస్తుంది. బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఈ రోజుకీ ఇస్తున్న మందు అది.