విత్తనం కదిరిది, మరి ఫోను?

మొన్న ఆదివారం నాయన కళ్యాణదుర్గం దగ్గరి మా చేలోంచి వీడియో కాల్ చేశాడు. శెనక్కాయ ఆకొకటి తుంచి కెమెరా ముందు పెట్టి, "ఇది తిక్క మచ్చేనా, చూడ్రా" అన్నాడు. తిక్క అంటే శెనక్కాయ ఆకులకు పట్టే మచ్చ తెగులు. గుండ్రటి ముదురు మచ్చ, చుట్టూ సన్నటి పసుపు అంచు. ఇక్కడ డాలస్‌లో కూర్చున్న నాకు స్పష్టంగా కనిపించింది. నేను చెప్పేదేముంది, సాఫ్ట్‌వేర్ వాణ్ణి! స్క్రీన్‌షాట్ తీసి, వ్యవసాయం చదివిన మా బావమరిదికి పంపాను.

అంతకు ముందు రోజే మన సంఘం విందులో ఒకాయన "గవర్నమెంటు ఏం కనిపెట్టిందండీ, అంతా కంపెనీలేగా" అన్నారు. హాలుకు దారి ఫోన్లో చూసుకుంటూ వచ్చిన మనిషే. ఆ దారి చూపే జీపీఎస్ అమెరికా రక్షణ శాఖ 1973లో మొదలుపెట్టిన పని. మామూలు జనానికి అందే సిగ్నల్‌ని కావాలనే చెడగొట్టి వదిలేవారు, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మేలో ప్రభుత్వమే అది మానేసింది.

నాయన చేతిలోని కెమెరా కథ ఇంకా బాగుంటుంది. వ్యోమనౌకల్లో పెట్టే కెమెరా చిన్నదవ్వాలి, కరెంటు తక్కువ తాగాలి. అప్పటి కెమెరాల్లో ఉండే సీసీడీ అనే చిప్పులో వెలుతురును పట్టే బుల్లి గడులుంటాయి; వెలుతురుకు వాటిలో పుట్టిన ఛార్జిని, బావి దగ్గర వరుసగా నిలబడి బిందెలు అందించుకున్నట్టు, గడి నుంచి గడికి చివరిదాకా మోయాలి. 1990ల మొదట్లో నాసా వారి జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌లో ఎరిక్ ఫాసమ్ బృందం ఏ గడికి ఆ గడిలోనే సిగ్నల్‌ని పెంచే బుల్లి ఆంప్లిఫయర్ పెట్టింది, ఆ మోత తప్పింది. పైగా మామూలు కంప్యూటర్ చిప్పులు చేసే పద్ధతిలోనే ఇవీ తయారవుతాయి. ఇవాళ్టి ఫోన్ కెమెరాలది ఆ వంశమే.

కంపెనీలు ఏమీ చేయలేదనను. నాయన కొనగలిగే ధరకు దించింది వాళ్లే. కానీ లాభం కనుచూపు మేరలో లేనప్పుడు ఖర్చు భరించింది పన్ను కట్టినవాళ్లు. పరిశోధన నిధులకు కోత అనగానే మన వాట్సాప్ గ్రూపుల్లో చప్పట్లు పడుతుంటే నాకు కడుపు మండుతుంది.

ఇదంతా నాయనతో చెప్పాను. ఆయన వేసింది కే-6, రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కదిరి కేంద్రంలో పుట్టిన శెనక్కాయ రకం. "యూనివర్సిటీ సంగతి నాకు తెల్దు గానీ, ఇది కదిరోళ్ల ఇత్తనం" అన్నాడు.

మరి ఫోను ఎవరిది నాయనా అంటే, దాన్ని అమ్మిన అనంతపురం షాపు పేరు చెప్పాడు.