పేడ సాక్ష్యం చెల్లదు

గేదె చిక్కిపోయింది. దవడ కింద నీరు దిగింది, పాలు తగ్గాయి, పారుడు కట్టడం లేదు. ఇలాంటి కేసును మా శ్రీకాకుళం పల్లెల్లో టీ చల్లారకముందే తేల్చేస్తారు. ఒకరు దిష్టంటారు. ఇంకొకరు ‘కొత్త గడ్డి పడనేదు మావా’ అంటారు. అలమండ సంతలో తలపండిన పెద్దాయన గేదెను చూడకుండానే ‘అమ్మేసీ’ అంటాడు. ఎక్కువగా అమలయ్యేది ఈ మూడో వైద్యమే.

ఇంత పకడ్బందీ వ్యవస్థ ఉండగా, కార్జంలో (కాలేయంలో) చేరే జలగ అనే పురుగు ఉందేమో చూడాలని పశువుల డాక్టర్లు పేడ తెమ్మంటున్నారు! ఊరి పెద్దల మాట మీద నమ్మకం లేక పేడను వాంగ్మూలం అడుగుతారా?

ఆ పరీక్ష తంతు చూడండి. పేడను నీళ్లలో కలిపి, వడగట్టి, తేరనిచ్చి, పైనీరు వంపేసి, మళ్లీ నీళ్లు పోసి, మళ్లీ తేరనివ్వాలి. జలగ గుడ్లు బరువట, మామూలు పురుగుల గుడ్లలా ఉప్పునీళ్లలో తేలవట. అందుకని అడుగుమడ్డిని మైక్రోస్కోపు కింద పెడతారు. పొట్ట జలగల గుడ్లూ అదే ఆకారంలో ఉంటాయి కాబట్టి చుక్క మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు వేస్తారు. నీలం మధ్య పసుపుగా కనిపిస్తే కార్జం జలగ, రంగు లేకపోతే పొట్ట జలగ. రంగును బట్టి మనుషుల్నే పోల్చుకునే ఊళ్లో ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు.

అసలు పేచీ కాలంతోనే. గడ్డితో లోపలికెళ్లిన పిల్ల జలగ కార్జాన్ని తొలుచుకుంటూ పెరిగి, పిత్తనాళాల్లో కాపురం పెట్టి గుడ్లు పెట్టేసరికి మూడు నాలుగు నెలలు. అన్నాళ్లూ కార్జం చిల్లులు పడుతున్నా పేడ మాత్రం నిర్దోషి. ఆ తర్వాతా గుడ్లు రోజూ దిగవు. ఇవాళ కనపడకపోతే మళ్లీ తెమ్మంటారు, మందలో మరో నాలుగు గొడ్లవీ తెమ్మంటారు. ఎలైసా అనే రక్తపరీక్ష చేయిద్దామంటే, అది వెతికే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) మా ఊరి కక్షల మాదిరి, రోగం పోయాక కూడా నెలల తరబడి ఉంటాయి.

కాబట్టి మందుల షాపే మేలు. ‘పురుగుల మందియ్యి’ అంటే చాలు, ప్రశ్నలుండవు. ఐవర్‌మెక్టిన్ ఇస్తే జలగకు చీమ కుట్టినట్టయినా ఉండదు. ఆక్సీక్లోజనైడ్ పెద్ద జలగలనే చంపుతుంది. పిల్ల జలగలకు ట్రైక్లాబెండజోల్ కావాలి. ఏది వాడాలో తెలియాలంటే లోపలున్నదేదో, ఏ దశలో ఉందో తెలియాలి. అంటే మళ్లీ పేడ దగ్గరికే... ఈ చర్చ ఇక్కడితో ఆపుదాం.

కొందరు డాక్టర్లు ఇంకా ముందుకెళ్లి గొడ్డును ఎక్కడ మేపావని అడుగుతారు. వంశధార కాలువ చివర, చెరువు కింద, ఏడాది పొడవునా తడారని పల్లంలో. లిమ్నియా నత్తలుండేదీ అక్కడే. జలగ పిల్ల ఒక్కటి నత్తలో దూరితే వందలై బయటికొచ్చి గడ్డిని అంటుకుంటుంది. మేత సంగతి విన్నాక డాక్టరుకు సగం రోగం తెలిసిపోతుందట. ఊరి పల్లం గురించి బయటివాళ్లకు చెప్పడం మాకు నామోషీ.

వివాదానికి తావులేని పద్ధతి ఒకటుంది. గొడ్డు చచ్చాక కార్జం కోస్తే, గట్టిపడ్డ పిత్తనాళాల్లోంచి చదునైన జలగలు వాటంతటవే బయటపడతాయి. మైక్రోస్కోపు అక్కర్లేదు, పేడ మొయ్యక్కర్లేదు. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది గనక అక్కడి పిల్లలకూ చదువుకు పనికొస్తుంది. ఈ పద్ధతినే ఖాయం చేయాలని మా టీకొట్టు సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. గేదెను కూడా పిలిచాం గానీ, లేవలేకపోయింది.